పొయ్యి కింద మూడో రాయి

మా చిన్నప్పుడు... నాన్న జీపు కొండ మీది చెరువులోకి జారిపోయింది. అది నా వల్ల కాదు. యాభై అయిదేళ్లుగా నా వల్లే అంటున్నారు. పోయిన వారం ఇదే గ్రూపులో మా అన్నయ్య ఆ కథ మళ్లీ రాశాడు... తమ్ముడు చక్రానికి రాయి పెట్టడం మర్చిపోయాడని. మీరంతా పడీ పడీ నవ్వారు. ఇప్పుడు నా మాట కూడా వినండి. నాకు రాత అంతంత మాత్రం. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నాన్నకి కొలరాడోలో గని ఉద్యోగం. నాకు తొమ్మిదేళ్లు, అన్నయ్యకి పన్నెండు. చుట్టుపక్కల తెలుగు మాట్లాడేది మేం నలుగురమే... వేసవిలో ఆదివారం వచ్చిందంటే పాత జీపులో కొండెక్కేవాళ్లం. దాన్ని రోడ్డు అనకూడదు. ఎప్పుడో గనులవాళ్లు చెక్కి వదిలేసిన దారి. ఒక పక్క కొండ, ఒక పక్క ఖాళీ. జూలైలో కూడా మలుపుల్లో మంచు. అమ్మ సత్తు గిన్నె ఒళ్లో పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చునేది.

పైన, చెట్లు కూడా మొలవని చోట చెరువు. చెయ్యి ముంచితే వేళ్లు కొయ్యబారేవి. ఒంటి నిండా చుక్కలున్న ట్రౌట్ చేపలు... నాన్న గేలం వేస్తే మేం ఊపిరి బిగబట్టేవాళ్లం. దొరికిన చేపని అక్కడే బాగుచేసి, మూడు రాళ్ల పొయ్యి మీద అమ్మ పులుసు పెట్టేది. ఇంటి నుంచి చింతపండు, కారం పొట్లం కట్టి తెచ్చేది. కట్టెలు కూడా కింద నుంచి జీపులోనే.

మొదటిసారి అన్నం కూడా అక్కడే వండబోయింది. గంట దాటినా గింజ మెత్తబడలేదు.

"ఇదేం చోటండీ! నీళ్లు తెర్లుతున్నాయి, బియ్యం ఉడకదు!"

"ఇంత ఎత్తులో అంతేనే. నీళ్లు తక్కువ వేడికే తెర్లిపోతాయి."

"అయితే ఆ చేపల్నే పచ్చివి నమలండి."

ఆ తర్వాత అన్నం ఇంటి దగ్గరే వండి మూట కట్టేది. పులుసు మాత్రం పైనే...

ఆ జీపుకి హ్యాండ్ బ్రేకు పట్టేది కాదు. గేరు కూడా జారేది. అందుకని వాలులో ఆపినప్పుడల్లా చెరువు వైపు చక్రానికి రాయి అడ్డం పెట్టాలి. ఆ పని నాది. అన్నయ్య చదువులో ఫస్టు, నేను మొద్దు. నాన్న నన్ను నమ్మి అప్పజెప్పిన పని అదొక్కటే. ఆ రోజు తెల్ల చార ఉన్న రాయి ఒకటి ఏరి పెట్టాను. కాలితో తన్ని చూశాను కూడా. కదల్లేదు.

నేను నాన్న పక్కన గేలం పట్టుకుని ఉన్నాను. వెనక అమ్మ గొంతు వినిపించింది... "ఒరేయ్ పెద్దోడా, గిన్నె ఒరుగుతోంది. కాస్త పెద్ద రాయి చూసి తేరా!"

కాసేపటికి జీపు కదిలింది. చప్పుడే లేదు. నాన్న చెప్పులు లేకుండా పరుగెత్తాడు. అందలేదు. అద్దాల దాకా మునిగిపోయింది.

నేను పొయ్యి వైపు చూశాను. గిన్నె కింద మూడో రాయి... తెల్ల చార.

"నాన్నా, నా రాయి పొయ్యిలో ఉంది!" అన్నాను.

"తీశావట్రా?" అని అన్నయ్యని అడిగాడు నాన్న.

"లేదు నాన్నా. ఒడ్డున ఏరుకొచ్చాను."

నాన్న ఇంకో మాట అడగలేదు. ఫస్టు వచ్చేవాడి మాటే మాట. నా చెంప మీద ఒకటి ఇచ్చాడు. నలుగురం నాలుగు గంటలు నడిచి దిగాం. మళ్లీ ఆ చెరువుకి వెళ్లలేదు. నాన్న పోయేదాకా నా చేతికి బండి తాళం ఇవ్వలేదు.

పెద్దయ్యాక చాండ్లర్ ఊళ్లో నలభై ఏళ్లు బళ్ల బ్రేకులు బాగుచేశాను. నా చేతి మీదుగా వెళ్లిన బండి ఒక్కటీ జారలేదు. అయినా ఫ్రీమాంట్‌లో అన్నయ్య ఇంటికి వెళ్లి, అక్కడే ఉంటున్న అమ్మకి కాఫీ కలిపితే ఇప్పటికీ అంటుంది... "స్టవ్ ఆపావట్రా? నీకసలే మతిమరుపు!" నవ్వుతూనే అంటుంది. అదే నాకు గుచ్చుకుంటుంది.

కిందటేడు ఒక్కణ్ణే ఆ కొండెక్కాను. దారికి గేటు పెట్టారు, చీటీ ఉంటేనే పైకి. పొయ్యి రాజేయనివ్వరు. పిల్లలు చేపని పట్టి, ఫోటో తీసుకుని వదిలేస్తున్నారు. మంచిదే... కానీ గాలిలో పులుసు వాసన లేని ఆ చెరువు నాకు పరాయిదైపోయింది.

మీ మీద కూడా చిన్నప్పుడు ఇలా పడిపోయిన నిందలుంటే కింద రాయండి. చదువుతాను.

అన్నయ్యా, ఇది నీకు. పన్నెండేళ్లవాడివి, భయపడ్డావు. ఆ పిల్లాడి మీద నాకు కోపం లేదు. అరవై ఏడేళ్లవాడి మీద ఉంది. శనివారం అమ్మకి ఎనభై ఎనిమిది నిండుతాయి. ఈలోపే ఆ రాయి ఎక్కణ్ణుంచి తెచ్చావో అమ్మ దగ్గర కూర్చుని చెప్పు. చెప్పానని గురువారం సాయంత్రం అయిదింటికల్లా నాకు జవాబు రావాలి. వస్తే శుక్రవారం పొద్దున్నే బయల్దేరతాను. రాకపోతే, శనివారం చిన్నోడు ఎందుకు రాలేదని అమ్మ అడుగుతుంది. దానికైనా నిజం చెప్పు.