కత్తెర పడ్డ జీవం

ఎదురింట్లోకి కుక్కపిల్ల వచ్చిన నెల తిరక్కుండానే మా ఇంట్లోకీ ఒకటి వచ్చింది. పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారే, సరిగ్గా అదే. సూర్యాపేటలో మేముండే కాలనీలో అప్పటికే చాలా ఇళ్లలో చిన్న జాతి కుక్కలున్నాయి. ఎండ తగ్గగానే ఆడవాళ్లు వాటి మెడకు రంగురంగుల బెల్టులు కట్టి రోడ్డు మీద తిప్పేవాళ్లు. ఎదురింటామెది మిర్యాలగూడలో రైస్ మిల్లులున్న కుటుంబం. ఆమె ఇంట్లో ఉన్నది మా ఇంట్లో లేకపోతే నాకు అన్నం సయించేది కాదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ నా బుద్ధి అప్పుడు అట్లాంటిదే.

ఫోన్లో ఫొటోలు చూసి, హైదరాబాద్ నుంచి తెప్పించాను. షిట్జు అంటారట ఆ జాతిని. తెల్లటి వెంట్రుకలు నేల మీద జీరాడుతూ, కళ్లు కూడా కనిపించకుండా ఉండేది. నెత్తి మీద వెంట్రుకలు పోగేసి పిలక వేసి రిబ్బన్ కట్టేదాన్ని. ఒక ఇంగ్లీషు పేరు కూడా పెట్టాను. ఆ పేరు ఇక్కడ రాయను. ఆ పేరుతో దాన్ని పిలిచే అర్హత నాకు పోయింది.

మా నాయిన గొర్రెల కాపరి. త్రిపురారం దగ్గర మా ఊరు. ఆయన తండ్రీ, తాతా కూడా గొర్రెల వెంటే నడిచారు. ఇప్పుడు కాలు సహకరించక మంద చిన్నదైంది కానీ, పొద్దున్నే గొర్రెల మొహం చూడందే ఆయనకు తెల్లవారదు. కాలనీలో ఎవరైనా మీ పుట్టింటివాళ్లు ఏం చేస్తారని అడిగితే నేను "వ్యవసాయం" అనేదాన్ని. కాలువ కింద కాస్త పొలం ఉంది కాబట్టి అది అబద్ధమేమీ కాదు. గొర్రెల మాట మాత్రం గుటుక్కున మింగేసేదాన్ని.

మోకాలి నొప్పికి సూర్యాపేట దవాఖానలో చూపించుకోవడానికి నాయిన అప్పుడప్పుడూ వచ్చి మా ఇంట్లో ఉండేవాడు. కుక్కను మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు దాని చుట్టూ తిరిగాడు. ఎటు తల, ఎటు తోక అని నన్నే అడిగాడు. ఇది మందకు కాపలా ఉండే కుక్క కాదని, ఇంట్లో పెంచుకునేదని చెబితే, ఆయనకు అర్థం కాకపోయినా తలూపాడు. మా ఊళ్లో, గొర్రెల దొడ్డి దగ్గర, జొన్న గట్క వండితే మొదటి ముద్ద కుక్కకే పెట్టేవాడు ఆయన. మా ఇంట్లోనూ అన్నానికి కూర్చుంటే ముందు దాని గిన్నెలో ముద్ద వేసి గానీ తన కంచం ముట్టలేదు.

అప్పటికి నా సరదా సగం చల్లారింది. రోజూ దువ్వాలి, వారానికోసారి తలస్నానం, దాని కటింగుకు హైదరాబాద్ పోవాలి. ఎవరు పోతారు? కడుపు కింద వెంట్రుకలు జడలు కట్టాయి. కరెంటు పోయి ఏసీ ఆగినప్పుడల్లా నాలుక బయటపెట్టి బాత్‌రూమ్ గచ్చు మీద బోర్లా పడుకునేది. నాయిన అదంతా చూసి ఊరెళ్లిపోయాడు. మళ్లీ దవాఖానకు వచ్చినప్పుడు సంచిలో గుడ్డ చుట్టిన గొర్రెల కత్తెర తెచ్చుకున్నాడు.

ఆ రోజు నేను బ్లౌజులు తెచ్చుకోవడానికి బజారుకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి పెరట్లో గోనెసంచి పరిచి ఉంది. దాని మీద నా కుక్క పక్కకు పడుకుని ఉంది. కాళ్లు నాయిన తువ్వాలతో వదులుగా కట్టి ఉన్నాయి. ఒక మోకాలు మడిచి, నొప్పి కాలు చాచి కూర్చుని, గొర్రెకు ఎట్లా చేస్తాడో అట్లాగే తోక దగ్గర మొదలుపెట్టి మెడ దాకా కోసుకుంటూ వచ్చాడు. పక్కన తెల్లటి బొచ్చు కుప్ప. కుక్క గింజుకోవడం లేదు సరికదా, కళ్లు మూసుకుని హాయిగా ఉంది. కత్తెర మొన అక్కడక్కడ గీరుకుందేమో, నూనెలో పసుపు కలిపి రాశాడు. గాయాలకు మాత్రమే ఎందుకనుకున్నాడో ఏమో, ఒళ్లంతా పూశాడు. కట్టు విప్పగానే ఆ పసుపు జీవం పెరడంతా చుట్టూ తిరిగి పరుగెత్తింది. అది అట్లా పరుగెత్తగా నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. దాని కళ్లు కూడా అప్పుడే మొదటిసారి సరిగ్గా చూశాను. నాకు నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను.

సరిగ్గా అప్పుడే ఎదురింటామె కుంకుమ భరిణె పట్టుకుని గేటు తీసింది. కూతురి ఫంక్షన్‌కు బొట్టు పెట్టి పిలవడానికి వచ్చింది. కుక్కను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అక్కా, కుక్కను తెచ్చి గొర్రెను చేసినవా ఏంది?" అన్నది.

నాయిన మురిసిపోయాడు. గొర్రెకు చేసినట్టే చేశానమ్మా అని, చిన్నప్పటి నుంచీ చేతికి అలవాటైన పనేనని, మంద సంగతీ, కత్తెర తన తాతదన్న సంగతీ అంతా ఆమెకు విడమరిచి చెప్పాడు. ఆమె నవ్వుతూ విన్నది. విని నావైపు చూసింది. ఆ చూపులో ఎగతాళి ఉందో లేదో నేను ఒట్టేసి చెప్పలేను. నాకు మాత్రం తల తీసేసినట్టయింది. ఆమె నా నుదుట బొట్టు పెడుతుంటే నా మొహం మాడిపోయి ఉంది. ఎప్పుడు తీసిందో ఏమో, సాయంత్రానికి పసుపు కుక్క ఫొటో కాలనీ వాట్సాప్ గ్రూపులో తిరిగింది. దాని కింద నవ్వే బొమ్మలు వరుస కట్టాయి.

మర్నాడు బస్సెక్కే ముందు నాయిన నాకొక మాట చెప్పి వెళ్లాడు. అది మా ఇంటి కట్టుబాటు, నాకు తెలియనిదేమీ కాదు. గొర్రె బొచ్చు తీశాక, అది మళ్లీ మొలిచేదాకా దాన్ని అమ్మరు, ఎవరికీ ఇవ్వరు, వేరే మందలో కలపరు. గిరాకీ ఎంత మంచిదైనా సరే, మా తాత తరం నుంచీ అంతే.

"దాని ఒంటి మీదిది మనం తీసుకున్నం బిడ్డా. మళ్ల వచ్చేదాక అది మన పూచీ. గడప దాటనీయకు."

సరే నాయినా అన్నాను. అన్నాను కదా అని ఉన్నానా?

ఆ తర్వాత దాన్ని బయట తిప్పలేదు. ఎవరైనా వస్తే బాత్‌రూమ్‌లో పెట్టి గడియ వేసేదాన్ని. మా ఆయన దామరచర్లలో కరెంటు ప్లాంటులో డ్యూటీ, వారాంతానికి వస్తాడు. బొచ్చుదేముంది, మళ్లీ వస్తుంది కదా అన్నాడు. ఆయనకేం తెలుసు? దాన్ని చూసినప్పుడల్లా నాకు కుక్క కనిపించేది కాదు. గోనెసంచి మీద కత్తెర పట్టుకుని కూర్చున్న మా నాయినే కనిపించేవాడు. అదీ అసలు సంగతి. నాకు రోత పుట్టింది కుక్క మీద కాదు. కన్నతండ్రిని చూసి సిగ్గుపడి, ఆ సిగ్గు తీసుకుపోయి ఆ మూగజీవం నెత్తిన రుద్దాను.

ఒకరోజు పొద్దున్నే దాన్ని కారులో వేసుకుని కోదాడ పోయాను. సూర్యాపేటలో అయితే ఎవరైనా చూస్తారని భయం. కోదాడ ఊరి చివర ఒకామె ఇంటి వెనక రేకుల షెడ్లు వేసి దిక్కులేని కుక్కలను సాకుతున్నదని ఫోన్లో చూశాను. వీధి కుక్కలుంటాయనుకున్నాను. లోపలికి వెళ్లి చూస్తే పగ్‌లు, పొమేరియన్లు, మాదాని లాంటివే ఇంకొన్ని. ఒకదాని గోళ్లకు గులాబీ రంగు గోళ్లపాలిష్ ఇంకా పోలేదు. అన్నీ మాలాంటి ఇళ్లలోంచి వచ్చినవే. అన్నీ గేటు వైపే చూస్తున్నాయి.

హైవే పక్కన దొరికిందని చెప్పాను. ఆమె దాన్ని ఎత్తుకుని చెవులు చూసింది, పళ్లు చూసింది, చంక దగ్గర వేలితో రాసి ఆ వేలు నాకు చూపించింది.

"రోడ్డు మీద కుక్కకి పసుపెవరు రాశారండీ?"

ఏమో, ఎవరో పుణ్యాత్ములు రాసి ఉంటారన్నాను. నోరా, తాటిమట్టా అది? ఆమె వేలు తుడుచుకుంది. దొరికిందని చెప్పి తెచ్చేవాళ్లే ఎక్కువని, ఇన్ని జాతి కుక్కలు రోడ్డు మీదికి ఎక్కడి నుంచి వస్తాయో తనకిప్పటికీ అర్థం కాదని అన్నది. నేను గేటు దాటుతుంటే అది నా వెనకే వచ్చి ఇనుప జాలి మీద కాళ్లు పెట్టి నిలబడింది. మొరగలేదు. నేను బండి తిప్పుకుని వస్తానని అనుకున్నట్టుంది.

ఇంటికొచ్చాక పీడ విరగడైందనిపించాలి కదా. అనిపించలేదు. నాయిన ఫోన్ చేసినప్పుడల్లా తన కాలు గురించి చెప్పడానికి ముందు దాని సంగతే అడిగేవాడు. బొచ్చు మొలిచిందా, ఎంత మొలిచింది, పసుపు పోయిందా అని. మొలుస్తోంది నాయినా అనేదాన్ని. ఆయన అక్కడ సంతోషపడేవాడు. ఇక్కడ నేను ఫోన్ పెట్టేసి వంటింట్లో ఊరికే నిలబడేదాన్ని.

వానలు పడ్డాక మళ్లీ దవాఖానకు వచ్చాడు. ఈసారి సంచిలో పాత గొంగడి ముక్క ఉంది, అంచులు కుట్టి తెచ్చాడు. ఒంటి మీద ఇంకా సరిగ్గా బొచ్చు లేదు కదా, ముసురుకు చలి పెడుతుంది, దాని కింద వేద్దామని. వచ్చీ రాగానే నోటితో టుర్ర్ మని గొర్రెలను పిలిచినట్టు పిలిచాడు. పెరట్లోకి వెళ్లి చూశాడు. మంచం కింద చూశాడు. ఇక దాచి లాభం లేక, కోదాడలో ఒకామెకు ఇచ్చేశానని చెప్పాను.

గొంగడి ముక్క మడతపెట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. దాని అంచు కుట్టు తడుముతూ అడిగాడు.

"నేను కత్తెర వట్టినందుకేనా బిడ్డా?"

కాదనాలి. ఆ ఒక్క మాట అంటే ఏం పోయేది? నేను ఏమన్నానంటే, నలుగురూ నవ్వారు నాయినా అన్నాను. ఆయన మొహం నేను చూడలేకపోయాను. చెప్పులు వేసుకుని వెళ్లి కారు దగ్గర నిలబడ్డాడు. దవాఖాన సంగతి ఇద్దరం మరిచిపోయాం.

కోదాడ దారి పొడుగునా నాకు ఒకటే గుబులు. అది ఉందో, ఎవరైనా తీసుకుపోయారో, ఏమైనా అయిందో. షెడ్డు దగ్గర దిగగానే ఆమె నన్ను గుర్తుపట్టింది. మీరే కదండీ, హైవే మీద దొరికిందని ఇచ్చి వెళ్లారు, అన్నది. నాయిన నావైపు తిరిగి చూశాడు. దొరికిందని చెప్పిన సంగతి ఆయనకు అప్పుడే తెలిసింది. నేను నోరు తెరిచే లోపలే ముందుకు వచ్చి చేతులు జోడించాడు.

"ఆ కుక్క నాదమ్మా. నేనే పోగొట్టుకున్న. మా బిడ్డకు ఎరుక లేదు."

ఆమెకు ఎన్నాళ్ల కోపమో, ఇట్లాంటివాళ్లు ఎంతమందిని చూసిందో, అదంతా ఆయన మీద కురిపించింది. సరదాకి కొనుక్కుని, గొర్రెకు గీకినట్టు గీకేసి, ఎండలో వదిలేయడానికి మనసెలా వచ్చింది పెద్దాయనా అని అడిగింది. వచ్చిన కొత్తలో అది ఎంతకూ తిండి ముట్టలేదని, గేటు దగ్గర నుంచి కదల్లేదని చెప్పింది. నోరులేని జీవాన్ని చూసుకోవడం చేతకానివాడు పెంచుకోవడమెందుకన్నది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ జీవాలతోనే బతికినవాడు మా నాయిన. వానలో తప్పిపోయిన గొర్రెపిల్ల కోసం రాత్రంతా కాలువ గట్టు పట్టుకు తిరిగిన మనిషి. తల వంచుకుని అన్నీ విన్నాడు. తప్పయింది తల్లీ, ఇగ కాదు, అన్నాడు. నేను పక్కనే కారు తాళాలు పట్టుకుని నిలబడి ఉన్నాను. అది నాది, పడేసింది నేను, ఆయన్నేమీ అనకండి అని చెప్పాలి. చెప్పలేదు.

కుక్కను తెచ్చి వదిలారు. చిక్కిపోయింది. ఒంటి మీద కురచగా బొచ్చు మొలిచింది. అది నేరుగా నా దగ్గరికే వచ్చింది. తోక ఊపుతూ నా పాదాలు నాకింది. అది నన్ను కరిచినా బాగుండేది.

నాయిన దాన్ని గొంగడి ముక్కలో చుట్టి ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. హుజూర్‌నగర్ దాటాక ఎందుకట్లా చెప్పావు నాయినా అని అడిగాను. ఆయన కిటికీలోంచి నాట్లు వేస్తున్న పొలాలు చూస్తూ అన్నాడు.

"కత్తెర వట్టింది నేనే గద. నా పూచీనే."

సూర్యాపేట వద్దని కారెక్కేటప్పుడే అన్నాడు. మిర్యాలగూడ మీదుగా తిన్నగా ఊరికే పోనిమ్మన్నాడు. బొచ్చు మొలిచాక వచ్చి తోలుకుపొమ్మన్నాడు. సరేనన్నాను.

బొచ్చు మొలిచింది. ఇప్పుడు మళ్లీ నేల మీద జీరాడుతోంది, కాకపోతే దాన్నిండా పల్లేరు కాయలు. పగలంతా మంద వెంట తిరుగుతుంది, గొర్రెపిల్లల మధ్య పడుకుంటుంది, మొదటి ముద్ద తింటుంది. దాన్ని తోలుకుపొమ్మని నాయినా మళ్లీ అనలేదు, నేనూ అడగలేదు. మొన్న ఊరికి వెళ్లినప్పుడు నిడమనూరు నుంచి గొర్రెపిల్లలు బేరం చేయడానికి ఎవరో వచ్చారు. నేను దొడ్డి వెనక గోడ దగ్గర చేతులు కడుక్కుంటున్నాను. ఇంత ముద్దుగా ఉంది, ఎక్కడిది ఈ కుక్క, నీదేనా అని ఆయన మా నాయినను అడిగాడు.

"నాది గాదు, మా బిడ్డది. దానికి పానం ఇదంటే. జర కొన్నొద్దులు నా కాడ పెట్టింది, గంతే."

కోదాడలో తిట్లు పడ్డప్పుడు తనదన్నాడు. ఊళ్లో మెచ్చుకుంటుంటే నాదంటున్నాడు. వెళ్లి కాదని చెప్పాలనుకున్నాను. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ గోడ ఇవతలే ఉండిపోయాను.