ఆకు రాలితే సెలవు

మూడేళ్ల క్రితం ఫిబ్రవరి. కౌలాలంపూర్ శివార్లలో రాజేశ్ అనే తెలుగు కుర్రాడు తన ఇంటి తోటకి చెట్లు ఎంచమని పిలిచాడు. ఇరవై ఏళ్లుగా నా పని అదే.

“అక్కా, వింటర్ ఇంటరెస్ట్ కావాలి” అన్నాడు. ఆకులు రాలాక కూడా కొమ్మలు, బెరడు చూడముచ్చటగా ఉండే చెట్లు పెట్టడాన్ని మా వృత్తిలో అలా అంటారు. చలికాలమే లేని ఊళ్లో ఆ సరదా ఏమిటో! నవ్వొచ్చినా ఆపుకున్నాను.

“ముందు ఎనకున్న రబ్బరు సెట్టు కొట్టించెయ్యాల” అన్నాడు.

ఆ ప్రాంతమంతా ఒకప్పుడు రబ్బరు తోటే. మిగిలింది ఆ ఒక్కటే. కొట్టించడానికి కారణం అతని తండ్రి అప్పలసామి. బటాంగ్ బెర్జుంటై ఎస్టేట్లో రబ్బరు చెట్లు గీసి పాలు తీసిన మనిషి. ఇప్పుడు మతి నిలవడం లేదు. తెల్లారితే వంటింటి మొద్దు కత్తితో ఆ చెట్టు గీసి, మిగతా చెట్ల కోసం రోడ్డెక్కుతాడు. ఒకసారి హైవే పక్కన దొరికాడట. అప్పట్నుంచి గేటుకి తాళం.

నేను వెళ్లిన రోజు మాత్రం కాళ్లు చాపుకుని చెట్టుకిందే కూర్చున్నాడు. పైన ఒక్క ఆకు లేదు.

“పనికి ఎళ్లలేదా తాతా?”

“ఆకు రాలిపోనాది కదమ్మా. ఇప్పుడు సెట్టుకి సెలవు. నాకూ సెలవే.”

నిజమే, ఆ కాలంలో ఎస్టేట్లలో గీత ఆపేస్తారు. చెట్టు కొట్టొద్దని రాజేశ్‌ని ఒప్పించాను. ఒకదాని తర్వాత ఒకటి ఆకు రాల్చే చెట్లు పెడితే తాత ఏడాదంతా ఇంటిపట్టునే ఉంటాడు కదా! కాలు నిలవక నర్సరీలన్నీ తిరిగాను. దేవగన్నేరు పెట్టాను. తాత కిటికీ ఎదురుగా, అప్పటికే ఎదిగిన కెటాపాంగ్, అంటే మన బాదం చెట్టు, పాతించాను.

జూన్‌లో బాదం ఆకు ఎర్రబడి రాలింది. అదే వారం రాజేశ్ ఫోన్ చేశాడు. వెళ్లేసరికి తాత కత్తి పట్టుకుని గేటు ఊపేస్తున్నాడు.

“సూడు తాతా, ఆకు రాలింది” అని బాదం చెట్టు దగ్గరికి తీసుకెళ్లాను.

మాను తడిమి పకపకా నవ్వాడు. “దీనికి పాలెక్కడివే? ఎవుల్ని మోసం సేత్తావు? నా సెట్లు పచ్చగున్నాయి. ఒక్క సెట్టు గీత్తే మేస్త్రీ మండోరు కూలిత్తాడేటి?”

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అన్ని నెలల హడావిడీ మట్టిపాలు. రాజేశ్ గేటు తాళం తీశాడు.

“పద నాన్నా, నేనూ వత్తాను. కత్తి నాకియ్యి.”

“కొత్తోడివి, కత్తి నీకెందుకు? పాల కప్పు అట్టుకో.”

వీధి చెట్లన్నీ ఒక్కొక్కటే తడుముకుంటూ ఇద్దరూ వెళ్లారు. ఆఫీసు బట్టల్లో రాజేశ్, చేతిలో ఖాళీ కప్పు. తర్వాత రోజూ అదే పని అని తెలిసింది.

ఇప్పుడు ఏ తోటకి వెళ్లినా, ఆ ఇంట్లో ఎవరికి ఏం కావాలో కనుక్కోకుండా చెట్ల పేర్లు ఎత్తను. మనిషి చెయ్యాల్సిన పనిని చెట్టుకి అప్పజెప్పకూడదని ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను.

ఆ మరుసటి ఫిబ్రవరిలో రాజేశ్ ఫోన్ చేశాడు. గొంతు నిండా అలసట, నవ్వు.

“అక్కా, రబ్బరాకు రాలిపోనాది. రేపట్నించి మా ఇద్దరికీ సెలవు.”