క్యోటోలో నా శుక్రవారం

కువైట్‌లోని సల్వాలో నేను పనిచేసే ఇంటి యజమానురాలు, అక్కడి పిలుపులో మామా, పోయిన ఏడు శరత్కాలంలో పిల్లలతో క్యోటో వెళ్తూ నన్నూ తీసుకుపోయింది. ఆ సంగతి ఫోన్లో చెబితే, కువైట్‌లోనే మిష్రిఫ్ పేటలో పనిచేసే మా చిన్నాన్న కూతురు ఉడుక్కుంది.

"అదృష్టమంటే నీదే లేక్కా! యాడికో జపాన్‌కు పోతాండావు."

"అదృష్టం గాదు మే, బ్యాగులు మోసేదానికి పోతాండా," అన్నాను.

అన్నట్టే అయింది. పేరున్న గుడికి పోయే ఎత్తు వీధిలో ఇసుక వేస్తే రాలనంత జనం. ఒక చేత్తో చంటివాడి బండి, ఇంకో చేత్తో పెద్దపిల్ల, భుజాన పాలసీసాల సంచి. మామా ఎర్రాకుల కింద నిలబడి "ఫోటో తియ్" అంటుంది. తీస్తాను. ఆ ఎరుపంతా నేను ఫోన్ తెరలోనే చూశాను, అదీ ఆమె ముఖం చుట్టూ. రోజూ ఇదే వరస. ఒళ్లు మండిపోయింది నాకు.

శుక్రవారం వచ్చింది. కువైట్‌లో శుక్రవారం నాకు సెలవు. పనిలో చేరేటప్పుడు మాట్లాడుకున్నదే అది, అయినా ప్రతివారం అడిగే పోవాలి. పొద్దున టిఫిన్ దగ్గర మామాను అడిగాను. మా మధ్య మాటలు అరబ్బీలోనే. మా కడప మాటలో చెబితే ఇలా ఉంటుంది.

"మామా, ఈ పొద్దు శుక్రవారం. బయటికి పోయి మధ్యాన్నానికి వస్తా. నా పాస్‌పోర్టు ఇయ్యి."

"వచ్చిందే సెలవుకు! మళ్లీ సెలవేంది? పిల్లోల్లను ఎవరు చూడాల?"

"సెలవు నీకు మామా. నాకు ఊరు మారింది, పని మారలే."

పాస్‌పోర్టు ఆమె చేతిసంచిలోనే ఉంది. ఇవ్వలేదు. ఇస్తే పారిపోతానని భయం. నాకూ భయమే. ఆమెకు కోపమొస్తే కువైట్‌లో ఉండేందుకు ఇచ్చే ఇఖామా కాగితం రద్దు చేయించి, విమానం ఎక్కించేస్తుంది. అయినా హోటల్ పేరున్న కార్డు ఒకటి జేబులో వేసుకుని బయటపడ్డాను. జనం ఎటు పోతున్నారో చూసి, దానికి ఎదురు దిక్కున నడిచాను.

పోను పోను వీధులు సన్నబడ్డాయి. ఒక చిన్న కాలువ, దాని వెంట చెక్క ఇళ్లు. ఒక పెరట్లో ఆకొక్కటీ లేని చెట్టుకు నిండా నారింజ రంగు పండ్లు. వాటి పేరు నాకిప్పటికీ తెలియదు. అది దాటితే ఒక చిన్న గుడి. టికెట్ లేదు, క్యూ లేదు, ఫోటోల గోల లేదు. వాకిలంతా ఎర్రాకులు, పసుప్పచ్చ ఆకులు. మా వైపు ఆకు రాలిందంటే ఎండకు మాడి రాలినట్టే. ఇక్కడ రంగు విడవకుండా, మెత్తగా రాలుతోంది. అబ్బ, ఏం రంగు! సల్వాలో వాకిట్లో దుమ్ము కనబడగానే నా చెయ్యి చీపురు కోసం వెతుకుతుంది. ఇక్కడా వెతికింది. "ఉండవే, ఈ పొద్దు నీకు పని లేదు" అని నా చేతికి నేనే చెప్పి, మెట్టు మీద కూర్చున్నాను. చలికి ముక్కు కారుతోంది. ఎవరూ పిలవలేదు. ఎంత సంతోషమేసిందంటే, ఏడ్చాను కూడా.

చెప్పిన వేళకే హోటల్‌కు వచ్చాను. మామా కింద హాల్లోనే ముఖం కందగడ్డ చేసుకుని కూర్చుంది. ఆమె ఒళ్లో చంటివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"పారిపోయినావనుకున్నా! ఇంకాసేపుంటే పోలీసులకు చెప్పేదాన్ని."

"పారిపోయేటోల్లు చెప్పి పోతారా మామా? నేను చెప్పి పోయినా, చెప్పినట్టే వచ్చినా."

"ఇంత పొగరా నీకు? కువైట్‌కు పోతానే నీ పని ఖలాస్. టికెట్ తీసి ఇండియాకు పంపిస్తా."

పొద్దున్నుంచి నేను వణికింది ఆ మాటకే. చెవిన పడ్డాక వణుకు పోయింది. చంటివాణ్ణి ఆమె ఒళ్లోంచి తీసుకుని భుజాన వేసుకున్నాను.

"తియ్ మామా టికెట్. చూడాల్సింది నేను చూసేసినా."

ఆ టికెట్ ఇంతవరకూ రాలేదు. సల్వాలో ఇప్పుడు శుక్రవారం పొద్దున నేను సెలవు అడగడం లేదు. "పోతాండా మామా" అని చెప్పి గేటు తీస్తున్నాను.