ఆరు కిలోల బియ్యం

శ్రీపాల్‌రెడ్డి ఇంట్లో వంట చేసిన ఏడేళ్లలో తుల్సీబాయి ఆ ఇంటివాళ్లను మనసులో ఒక్కసారి కూడా గౌరవించలేదు. పైకి మాత్రం అతన్ని పటేలా అని, అతని భార్య విమలను అమ్మా అని పిలిచేది. అడిగింది వండేది, కడగాల్సింది కడిగేది, చీకటి పడకముందే నర్సింహులపేట నుంచి రెండు కిలోమీటర్లు నడిచి తన తండాకు పోయేది.

అంతకుముందు పదకొండేళ్లు ఆమె తండా బడిలో మధ్యాహ్న భోజనం వండింది. పొద్దున హాజరు పిలిచేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి పిల్లల్ని ఒకసారి చూసి వచ్చి బియ్యం కడిగేది. మబ్బు పట్టిన రోజు పిల్లలు ఎక్కువ తింటారనీ, ఎవరింట్లోనైనా పెళ్లి జరిగిన మరునాడు తక్కువ తింటారనీ, గుడ్డు పెట్టే రోజు లెక్కే వేరనీ ఆమెకు తెలుసు. నూట నలభై మంది తిని లేచాక గిన్నె అడుగున గరిటెడు మిగిలేది. అర్ధాకలితో లేచినవాడు లేడు. అదొక విద్య అని ఎవరూ అనలేదు, ఆమె కూడా అనుకోలేదు. తర్వాత పిల్లలు ఒక్కొక్కరే ప్రైవేటు బడుల బస్సులెక్కారు. ముప్పై మంది మిగిలాక ఇద్దరు వంటవాళ్లు అక్కర్లేదన్నారు. అట్లా ఆమె శ్రీపాల్‌రెడ్డి వంటింటికి వచ్చింది.

అక్కడ తినేది నలుగురు, వండించేది పన్నెండు మందికి. శ్రీపాల్‌రెడ్డికి పదేళ్లుగా జెడ్పీటీసీ కావాలని కోరిక. ఎప్పుడు ఎవరొస్తారో తెలియదు, వచ్చినవాడికి గిన్నె అడుగు కనబడితే పరువు పోతుందనేవాడు. ఆ వచ్చేవాళ్లు నెలకు రెండుసార్లు వచ్చేవాళ్లు, వచ్చినప్పుడు బిర్యానీ తెప్పించమనేవాళ్లు. విమల తీరు ఇంకొకటి. ఆమె నిన్నటి కూర ముట్టదు, అట్లాగని పారేయడానికి చేతులు రావు. ఫ్రిజ్‌లో పెట్టేది. నాలుగు రోజులయ్యాక, పైన బూజు తేలాక, అప్పుడు వచ్చేవి చేతులు. తుల్సీబాయి ఒకసారి బీరకాయ చెక్కుతో పచ్చడి నూరితే శ్రీపాల్‌రెడ్డి రెండుసార్లు వేయించుకున్నాడు. మూడోసారి వేయించుకోబోతూ అది చెక్కు అని తెలిసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నాలుకకు తెలిసింది కూడా తెలియనట్టు బతికే మనిషిని చూడటం ఆమెకు అదే మొదటిసారి.

చేరిన రెండో నెలలో విమల ఒక కవరు చేతిలో పెట్టింది. మూడు రోజుల కిందటి కోడికూర. "పిల్లలు తింటరు, తీస్కపో" అంది, కొత్తబట్టలు పెడుతున్నంత ప్రసన్నంగా. తుల్సీబాయి గేటు దాటాక దాన్ని విప్పి కుక్కకు పెట్టింది. కుక్క వాసన చూసి పక్కకు పోయింది. ఆ తర్వాత ఏమిచ్చినా, ఇంట్లో వండుకున్నామని చెప్పి తీసుకోలేదు. తండా మనిషికి ఇంత పొగరేమిటని విమల ఇరుగుపొరుగుతో అన్నదని ఆమె చెవిన పడింది. పొగరు కాదు, అసహ్యం. ఆ రెంటికీ తేడా తెలియని వాళ్లకు చెప్పి ప్రయోజనం లేదని ఊరుకుంది.

కిందటి ఫిబ్రవరిలో శ్రీపాల్‌రెడ్డి చక్రం తిప్పి భార్యను మండలంలో ఒక మహిళా సంఘానికి అధ్యక్షురాలిని చేశాడు. మొదటి కార్యక్రమం వాళ్ల ఇంటి ముందే పెట్టారు. షామియానా వేశారు. 'ఒక్క మెతుకు కూడా పారేయొద్దు' అని ఫ్లెక్సీ కట్టారు. దాని మీద విమల దోసిట్లో అన్నం పట్టుకుని నవ్వుతోంది. ఆ ఫోటో కోసం వండించిన అన్నం ఫోటో అయిన వెంటనే బకెట్లో పడింది. బకెట్‌ను పెరటి గుంట దాకా మోసింది తుల్సీబాయే.

జిల్లా నుంచి ఒక ఆఫీసరమ్మ వస్తుందనీ, మిగిలిన అన్నంతో, రొట్టెలతో, కూరలతో చేసుకోగల పది రకాలు బల్ల మీద పెట్టి చూపించాలనీ విమల చెప్పింది. ఫ్రిజ్ తెరిచి చూస్తే సోమవారం అన్నం పుల్లటి వాసన కొడుతోంది. అది శుక్రవారం.

"కొత్తగ వండు. సల్లారినంక ఎవలకు తెలుస్తది?" అంది విమల.

అట్లా పొద్దున్నే మూడు కిలోల బియ్యం పొయ్యెక్కింది, మిగిలిపోయిన అన్నం వేషం కట్టడానికి. తుల్సీబాయి దాన్ని చల్లార్చి అట్లు పోసింది, వడలు వేసింది, పోపు పెట్టింది, జొన్నరొట్టెలు చిదిమి బెల్లం కలిపింది. పదీ బల్ల మీదకు చేరాయి. అతిథులు నలభై మంది అనీ, భోజనానికి పన్నెండు కిలోలు పొయ్యమనీ విమల చెప్పి చీర మార్చుకోవడానికి పోయింది.

తుల్సీబాయి ఆరు కిలోలు కొలిచింది. తిరగబడదామని కాదు. పన్నెండు కొలవబోతే చెయ్యి ఆడలేదు, అంతే. కిటికీలోంచి ఆ ఫ్లెక్సీ కనబడుతోంది.

విమల ఫోన్లో రాసుకున్నది చూస్తూ వచ్చినవాళ్ల ముందు నలభై నిమిషాలు మాట్లాడింది. తమ ఇంట్లో మెతుకు కూడా వృథా పోదంది. బల్ల మీద ఉన్నవన్నీ రాత్రి మిగిలిన వాటితో చేసినవే అంది. ఆఫీసరమ్మ మెచ్చుకుని ఫోటోలు తీయించుకుంది. ఆ పది వంటకాల జోలికి ఒక్కరూ పోలేదు, మిగిలినవి కదా అని. అందరూ భోజనాలకు కూర్చున్నారు. పప్పు, చిక్కుడుకాయ, కోడికూర, పెరుగు. అడిగినవాళ్లకు మళ్లీ వడ్డించారు. ఆఖరి మనిషి చెయ్యి కడుక్కునే వేళకు గిన్నె అడుగున గరిటెడు అన్నం ఉంది. అది చూసి తుల్సీబాయికి ఏడేళ్లలో మొదటిసారి ఆ వంటింట్లో హాయిగా అనిపించింది.

ఆ సమయానికి రెండు కార్లు వచ్చి ఆగాయి. శ్రీపాల్‌రెడ్డి చెప్పాపెట్టకుండా తొమ్మిది మందిని వెంటేసుకుని వచ్చాడు. వాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టి వంటింట్లోకి వచ్చి గిన్నెలోకి తొంగి చూశాడు.

"అన్నమేది?"

"అయిపోయింది పటేలా. జర కూసోమనుండ్రి, ఇరవై నిమిషాల్ల వండుత."

"నా ఇంట్ల అన్నం అయిపోవుడేంది?"

అతను అరవలేదు. నిజంగా అర్థం కాలేదన్నట్టు అడిగాడు. ఇరవై నిమిషాలు ఆగమని ఆ తొమ్మిది మందికి చెప్పడం ఆ మనిషి వల్ల కాదని తుల్సీబాయికి అర్థమైంది. కిటికీలోంచి షామియానా కింది బల్ల చూపించి, దాని మీదివి తినొచ్చని చెప్పింది. వచ్చినవాళ్లలో భీమ్లా అనే మాజీ సర్పంచ్ అప్పటికే ఒక వడ అందుకున్నాడు.

"రాత్రి మిగిలిన అన్నం పెడ్తవా నా మనుషులకు?" అన్నాడు శ్రీపాల్‌రెడ్డి.

తుల్సీబాయి గుమ్మంలో ఉన్న విమల వైపు చూసింది. విమల పక్కన ఆఫీసరమ్మ చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. అవి పొద్దున వండిన అన్నంతో చేసినవని ఒక్క మాట అంటే చాలు. కానీ ఆ మాట మొగుడికి వినబడితే ఆఫీసరమ్మకూ వినబడుతుంది. విమల ఆఫీసరమ్మను ఒకసారి చూసి కొంగు సర్దుకుంది. భీమ్లా వడను పళ్లెంలో పెట్టేశాడు. తొమ్మిది మందీ కార్లెక్కి రోడ్డు మీది దాబాకు పోయారు.

ఆఫీసరమ్మ వెళ్లాక, రేపటి నుంచి రావొద్దన్నాడు శ్రీపాల్‌రెడ్డి. పది వంటకాలూ బకెట్లో పడి ఉన్నాయి, పారేసి పొమ్మంది విమల.

"గది మీరే పారేసుకోండ్రి" అని, బకెట్‌ను వంటింటి మధ్యలో పెట్టి తుల్సీబాయి బయటికి నడిచింది.

దారి పొడుగునా ఆమెకు వాళ్ల మీద కోపం రాలేదు. కోపం రావాలంటే ఎదుటివాళ్లు కాస్తైనా లెక్కలోకి రావాలి. కానీ ఆ బకెట్ గుర్తొస్తే తన మీదే తనకు ఏవగింపు కలిగింది. వండించింది వాళ్లే, పారేయించింది వాళ్లే, కానీ ఏడేళ్లపాటు నోరెత్తకుండా మోసిన చేతులు ఎవరివి? ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం విమల కారు తండాకు వచ్చింది. తుల్సీబాయి, కోడలు లాలి అప్పుడే తినడానికి కూర్చుంటున్నారు. ఇద్దరికీ కలిపి నాలుగు జొన్నరొట్టెలు, రోట్లో నూరిన టమాట పచ్చడి. వచ్చిన మనిషికి పెట్టకుండా తినడం ఆ ఇంట్లో లేదు. తుల్సీబాయి తన రెండింట్లో ఒకటి తీసి పళ్లెంలో పెట్టి ఇచ్చింది. విమల కాసేపు తటపటాయించి తీసుకుంది.

ఇద్దరు వంటమనుషులు వచ్చి పోయారంది. పటేలు ఆ రోజు తొందరపడ్డాడంది. మళ్లీ రమ్మంది. చెబుతూ చెబుతూ సగం రొట్టె తిని పళ్లెం పక్కకు జరిపింది, ఎప్పటి అలవాటుగా.

"అది తిని లేవుండ్రి అమ్మా" అంది తుల్సీబాయి.

"సాలు తుల్సీ. కడుపు నిండింది."

"నా రొట్టె అది. మీరు తినకపోతే నాకు పనికిరాదు. పారెయ్యనీకె మా ఇంట్ల బకెట్ లేదు."

లాలి తల వంచుకుని పచ్చడి నంజుకుంటోంది. విమల ముఖం ఎర్రబడింది. లేచి పోతుందేమో అనుకుంది తుల్సీబాయి. పోతే పోనీ అని కూడా అనుకుంది. విమల పళ్లెం మళ్లీ దగ్గరికి లాక్కుని, మిగిలిన సగాన్ని చిన్న చిన్న తునకలు చేసి ఒక్కొక్కటే నమిలి మింగింది. చాలాసేపు పట్టింది. తుల్సీబాయి కళ్లు తిప్పుకోలేదు. ఆ చూపులో జాలి ఏమాత్రం లేదు.

పళ్లెం ఖాళీ అయ్యాక చేతులు కడుక్కోవడానికి నీళ్లు పోసింది.

"నేను రాను" అని చెప్పింది. "వేరే ఎవర్నన్న చూస్కోండ్రి."

విమల తల ఊపి కారెక్కింది. తుల్సీబాయి సాగనంపడానికి వాకిలి దాకా పోలేదు. కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. పొద్దు వాలేలోపు తిరగేయాలి.