నాగవేణికి పాలు పడిన రాత్రి

నమ్మకపోతే మానండి... నవ్వకండి మాత్రం. ఎవరో చెబితే విన్న కథ కాదిది. నా చెవులతో విన్నాను. నా చేత్తో తడిమి చూశాను.

నేను చేసే పని మీకు తెలుసు కదా. కాన్పులకు తోడుంటాను. డౌలా అంటారు. మంత్రసానినీ కాను, నర్సునూ కాను. నొప్పులప్పుడు నడుము రుద్దుతాను, ధైర్యం చెబుతాను. ఇంటికొచ్చాక బిడ్డకు పాలు పట్టడం తల్లికి నేర్పుతాను. అంతే.

ముదిగుబ్బ దగ్గర పల్లెలో నాగవేణి అనే అమ్మాయి, ఫోన్‌లో నా వీడియో చూసి పిలిపించుకుంది. తొలి కాన్పు. తల్లి లేదు. భర్త గొర్రెలు మేపుతాడు. "పురుడు తీరేదాకా నా కాడే ఉండల్లక్కా" అని ముందే మాట తీసుకుంది.

బిడ్డ పుట్టాడు. ఏడవలేదు... పేగు మెడకు చుట్టుకుందన్నారు ఆసుపత్రిలో.

తండ్రే తీసుకుపోయి పూడ్చి వచ్చాడు. ఇక నాకేం పని? సంచి సర్దుకుంటుంటే నాగవేణి నా చెయ్యి పట్టుకుంది.

"పోవాకక్కా. ఉంటానంటివి గదా."

ఉండిపోయాను.

బిడ్డ లేడని ఒంటికి ఎవరు చెబుతారు? మూడో రోజుకు పాలు పడ్డాయి. రొమ్ములు రాళ్ళలా గట్టిపడ్డాయి. జ్వరం. ముట్టుకుంటే కేక పెట్టేది. పాలు ఇంకిపోవాలని అత్త ఓబులమ్మా నేనూ మల్లెపూలు పరిచి, గుడ్డతో బిగించి కట్టాం.

ఆ రాత్రి కరెంటు పోయింది. నాగవేణి భర్త గొర్రెల మంద దగ్గరే ఉండిపోయాడు. ఓబులమ్మ గడప అవతల పడుకుంది. నేను నాగవేణి మంచం పక్కన, చాప మీద. బయట కొండ మీద గాలిమరల హోరు. ఎప్పుడు కన్ను మూతపడిందో... చప్పుడుకు మెలకువ వచ్చింది.

గుటుక్...

ఆగింది.

గుటుక్... గుటుక్... మధ్యలో ముక్కుతో చిన్న ఊపిరి.

ఎలుకేమో అనుకున్నాను. పిల్లి నీళ్ళు తాగుతోందేమో అనుకున్నాను. కానీ ఆ చప్పుడు నాకు తెలుసు. రొమ్ము దొరికిన పసిబిడ్డ పాలు మింగే చప్పుడు. అది వినబడితే బిడ్డకు పాలు అందుతున్నట్టే అని తల్లులకు నేర్పేదే నేను.

మంచం మీద నుంచే వస్తోంది.

ఫోన్ దిండు కిందే ఉంది... చెయ్యి కదలలేదు.

"నాగవేణీ..."

"ఉష్... లైటు వేయాకక్కా. ఇప్పుడే పట్టినాడు."

గుటకలు నెమ్మదించాయి. ఒకటి... చాలాసేపటికి ఇంకొకటి. ఆ తర్వాత చిన్న నిట్టూర్పు. ఆ మీదట గాలే.

అప్పుడు లేచి ఫోన్ వెలిగించాను. నాగవేణి పక్కకు తిరిగి ఉంది. ఒక చెయ్యి ఒడిలా వంచి పెట్టుకుంది. అందులో ఎవరూ లేరు. కట్టు ముడి వదులై ఉంది. తనే విప్పుకుందో ఏమో... రొమ్ము మీద చెయ్యి వేశాను. మెత్తగా ఉంది. సాయంత్రం రాయిలా ఉన్నది! పాలు కారిపోయి ఉంటే తడి ఉండాలి కదా? గుడ్డ పొడి. పక్క పొడి.

"వానికి కడుపు నిండింటాదా అక్కా?" అని అడిగింది.

ఫోన్ వెలుగు పక్కకు తిప్పాను. గడప దగ్గర ఓబులమ్మ లేచి కూర్చుని ఉంది.

"నాకూ ఇనబడె," అంది మెల్లగా. "మావోనికి మాత్రం చెప్పొద్దమ్మా. వాడు తట్టుకోల్యాడు."

తర్వాత ఒక డాక్టరమ్మను అడిగాను. ఒక్కోసారి పాలు వాటంతటవే తగ్గిపోతాయంది. కావచ్చు. మరి ఆ చప్పుడు? ముగ్గురం విన్నాం కదా... ఏమో. నాకిప్పటికీ తెలియదు.

మరుసటి రాత్రి ఓబులమ్మే తలుపు గడియ తీసి పెట్టింది. ముగ్గురం ఎదురుచూస్తూ కూర్చున్నాం. ముందు రాత్రి భయంతో బిగుసుకుపోయిన నేను కూడా... చెవులు రిక్కించుకుని కూర్చున్నాను.

ఏమీ రాలేదు.

తెల్లవారబోతుండగా నాగవేణి, "ఇంక రాడేమో గదత్తా?" అంది.

ఓబులమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"బయట గాలి శానా ఉండాది గదమ్మా," అంది. "ఇంగొంచేపు సూద్దాం."