పేజీ తెగినా ఇల్లు తెగొద్దు

నాగర్‌కర్నూల్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేస్తున్న రోజులవి. రేషన్ కార్డుల జాబితాలు ప్రింటు తీసి ఊళ్లకు పంపడం నా పని. ఊరి పేరు కింద ఇంటిపెద్ద పేరు, దాని కింద ఇంట్లోవాళ్లవి. ఇల్లు సగంలో ఉండగానే పేజీ అయిపోతే మిగతావాళ్లు తర్వాతి పేజీలో తలాతోకా లేకుండా పడేవాళ్లు. జాబితా ఎలా ప్రింటవ్వాలో చెప్పే రిపోర్టు డిజైన్ పైఆఫీసు నుంచి వచ్చింది, ముట్టుకోవద్దన్నారు.

తెలకపల్లి వైపు ఒక ఊళ్లో ఆ పొడుగు కాగితాన్ని పేజీకీ పేజీకీ మధ్య ఉండే చిల్లుల దగ్గర చింపి, సగం పంచాయతీ గోడకు, సగం బడి గోడకు అంటించేవాళ్లు. జనం ఒకేచోట ఎగబడకుండా అదొక పద్ధతి. ఆ పద్ధతి ఒకామె ప్రాణం మీదికి తెచ్చింది. మొగుడు వదిలేస్తే అన్న ఇంట్లో ఉంటూ బట్టలు కుట్టుకునే ముస్లిం ఆమె. అన్న, వదిన పేర్లు పంచాయతీ గోడ మీద చివర్న, ఆమె పేరు బడి గోడ మీద మొదట్లో. మా కార్డులో నువ్వు లేవు, ఇంకా ఇక్కడెందుకని వదిన అన్నం దగ్గరే అడిగేసిందట.

"జర సూడు బేటీ, నేను ఎవరింట్ల ఉన్న?" అంది నా బల్ల ముందు నిలబడి.

కంప్యూటర్లో చూశాను. అన్న కార్డులోనే ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమెను కూర్చోబెట్టి రిపోర్టు డిజైన్ తెరిచాను. మొదట మార్పు తప్పుచోట పెట్టినట్టున్నాను, మనిషికొక పేజీ వచ్చింది. సరిచేశాను. ఉన్న జాగాలో ఇల్లు పట్టకపోతే మొత్తం తర్వాతి పేజీకి పోవాలి. పేజీకి మించిన ఇల్లైతే ఇంటిపెద్ద పేరు మళ్లీ పైన రావాలి.

మా సార్ వచ్చి కాగితం ఎత్తి చూశాడు.

"ఏందమ్మా ఇది, సగం తెల్లగనే ఉన్నది. పాతదే కొట్టు."

"కొట్టను సార్."

"పైనోళ్లు అడిగితే ఏం జెప్పాలె?"

"నన్ను అడగమనుండ్రి. కాగితం తెల్లగుంటే ఎవరింట్లనూ అన్నం ఆగదు."

నాది ఎప్పుడైనా ఊడే ఉద్యోగం. భయమేసింది, అయినా ప్రింటర్ ఆపలేదు. సార్ ఆ కాగితం నా బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయాడు.

కొత్త కాగితాలు ఊరికి చేరాయి. తన ఇల్లున్న పేజీని మాత్రం ఏ గోడకూ వద్దని, తమ తలుపుకే అంటించమని ఆమె పట్టుబట్టిందట. అన్న పేరు, కింద వదిన పేరు, ఆ కిందే ఆమెది. వదిన బయటికి పోవాలంటే రోజూ ఆ తలుపే తీయాలి.