తాండూరుకే కందిపప్పు అమ్మిన అల్లుడు

ఎవరు తవ్విన గోతిలో వారే పడతారంటారు. నేను తవ్వడమే కాదు, ఆ గోతికి ప్రవేశ రుసుము కూడా పెట్టి మరీ పడ్డాను. ఆ దెబ్బకు నా పెళ్లి కొద్దిలో తప్పిపోయేది.

అప్పట్లో వికారాబాదులో కూర్చుని, రైతుల పప్పులు ఆన్‌లైన్లో అమ్మిపెట్టే యాప్ నడిపేవాణ్ణి. మొదటి పేజీలో ధర చూస్తే ఎవరికైనా నోరూరాల్సిందే. ఆఖరి పేజీలో, డబ్బు కట్టే చోట, చీమ తలకాయంత అక్షరాల్లో ప్యాకింగు రుసుము, రవాణా రుసుము, సౌకర్య రుసుము వరసగా వచ్చి కూర్చునేవి. సౌకర్యం ఎవరికని అడక్కండి, నాకే.

ఆ రోజుల్లోనే అమ్మతో కలిసి తాండూరుకు పెళ్లిచూపులకు వెళ్లాను. పిల్ల పేరు స్రవంతి, బడిలో లెక్కల టీచరు. ఎంత నచ్చిందంటే, చేతిలో చాయ్ చల్లారిపోయిందని కూడా తెలియలేదు. వాళ్ల నాన్నకు నాపరాళ్ల దుకాణం ఉంది. ఏం పని చేస్తావని ఆయన అడిగితే ఛాతీ విరుచుకుని యాప్ పేరు చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టారు.

"గా యాప్ నీదేనా?"

"మొత్తం నా తెలివే సార్."

"పోయిన నెల నేను గూడ కొన్న. కందిపప్పుకు పేరున్న తాండూర్ల ఉండి, నీ ధర సూసి ఆగలేకపోయిన. గల్లీల అందరికి గదే ధర చెప్పి పైసలు వసూల్ చేసిన. ఆఖరి పేజీల నీ రుసుములు బయటపడ్డయ్. మాట ఇచ్చిన గద, మీద పడ్డ పైసలు నా జేబులకెల్లి కట్టిన."

అమ్మ నా కాలు తొక్కింది. ఆయన మాత్రం నవ్వి, "సరే, పిలగాడు మాకు నచ్చిండు" అన్నారు. గండం గడిచిందనుకున్నాను.

చెప్పులు తొడుక్కుంటుంటే, "పెళ్లైనంక ప్రతి ఐతారం ఈడికి రావాలె" అన్నారు.

"తప్పకుండా."

గేటు దగ్గర, "ఎండకాలం దుకాణంల కూసోవాలె."

"సరే సార్."

ఆటో ఎక్కాక, "బండలు దించేటప్పుడు జర చెయ్యి వెయ్యాలె."

"సార్, ఇవన్నీ ముందే చెప్పాల్సింది కదా?"

"మా ఆఖరి పేజి గేటు బయట ఉంటది బాబూ."

గుమ్మంలో స్రవంతి నవ్వాపుకుంటూ, "నేనింకా ఒప్పుకోలే నాన్నా. మొత్తం ధర మొదటి పేజీల కనవడ్డనాడు చెప్త" అంది.

రైలు వికారాబాదు చేరేలోపు ఆ పేజీ మార్చేశాను. రుసుములన్నీ కలిపి మొదట్లోనే, పెద్దక్షరాల్లో పెట్టాను. అమ్మకాలు పడిపోతే పడిపోనీ అనుకున్నాను. నిజంగానే పడిపోయాయి. నేను బెంగపెట్టుకున్నది మాత్రం వాటి గురించి కాదు.

చివరికి తాండూరు నుంచి ఒక ఆర్డరొచ్చింది. కిలో కందిపప్పు, చేర్చాల్సింది మా ఇంటికే. కింద ఇలా రాసి ఉంది: "ధర మొత్తం కనవడ్డది. నేను ఒప్పుకున్న. పప్పు వండుడు నేర్చుకోండ్రి."

చూశారా, ఒప్పుకున్నాక ఆఖర్లో తగిలించిన రుసుము ఆ వంట మాట.

కాబట్టి పొయ్యి మీదున్న కుక్కరు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఈ జన్మలో ఏ రుసుమూ ఆఖరి పేజీలో దాచను. మా ఆవిడ మాత్రం అలాంటి ప్రతిజ్ఞ ఏదీ చేయలేదు. కుక్కరు కూత వేస్తోంది, దించి రావాలి.